జానెడు చోటు వదిలిన బట్టీ

రేపల్లె,
1971 సెప్టెంబరు 20, సోమవారం.

చిరంజీవి ప్రమీలకు, నీ మామయ్య ముత్యాలరావు మనసారా దీవించి రాయునది.

ఇక్కడ మేము ఉన్నాం. అక్కడ నువ్వు, మీ నాన్నగారు జకరయ్యగారు, మీ అమ్మగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. వాళ్లిద్దరికీ నా నమస్కారాలు చెప్పు. మా వైపు నుంచి క్షేమం అని రాయడానికి చెయ్యి రాలేదు, ఏమీ అనుకోకు. నీ పేరుకు ముందు ఎప్పుడూ రాసే సౌభాగ్యవతి అనే మాట కూడా అలవాటు కొద్దీ రాసేశాను. రాశాకే చూసుకున్నాను. కొట్టేస్తే ఆ గీత నీ కంట పడుతుందని కాగితమే మార్చాను.

నీ కార్డు అందింది. పెరట్లో రొట్టెల బట్టీ కూల్చేయండి, అది అక్కడ ఉన్నంతకాలం నాకు నిద్ర పట్టదు, నేను మళ్లీ రేపల్లె రాను అని రాశావు. చదివి గునపం పట్టుకుని పెరట్లోకి వెళ్లిన మాట నిజమే. నీ మాట తీసేయాలని నాకు లేదు. కానీ అమ్మాయ్, కూల్చలేదు. ఎందుకు కూల్చలేదో చెప్పడానికే ఈ ఉత్తరం. అంతా చదివాక కూడా కూల్చమంటే ఇంకొక్క కార్డు ముక్క రాయి. నా చేత్తో నేనే కూలుస్తాను. అప్పుడిక నిన్ను ఏమీ అడగను.

తెనాలిలో రొట్టెల పని నేర్చుకుని వచ్చిన రోజు గంగాధరం నాతో ఏమన్నాడో నీకు చెప్పాడో లేదో. నేను నిజాంపట్నం నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. ఒంటినిండా చెక్కపొట్టు. వాడు తువ్వాలు అందిస్తూ, “నాన్నా, ఇన్నాళ్లూ మనం నీళ్లని నమ్ముకుని బతికాం. ఇక నిప్పుని నమ్ముకుందాం” అన్నాడు. నాకు కోపం వచ్చింది. పడవలు కట్టేవాడి కొడుకు పిండి పిసుకుతాడా అని నాలుగు తిట్టాను. వాడు నవ్వాడు. నువ్వు బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి బస్టాండులో బన్నులమ్మి, నీకోసం ఒకటి మిగిల్చి తెస్తానని మీ అత్తయ్య ముందు అన్నాడు. అది ఆవిడకి నచ్చలేదు. ఆ సంగతులన్నీ నీకు తెలిసినవే.

ఇటుకలు వాడే పేర్చాడు. గుమ్మటం వాడే లేపాడు. బంకమట్టిలో ఇసుక, ఊక కలిపి తొక్కి, పైన ఒక పూత పూశాడు. ఆ పూత ఆరకముందే కామెర్లు వచ్చి మంచం ఎక్కాడు. తర్వాతది రాయను.

నువ్వు వెళ్లిపోయాక వానలు మొదలయ్యాయి. గోనెపట్టా కప్పితే గాలికి లేచిపోతోంది. తాటాకు పందిరి వేద్దామంటే నిప్పు మీద తాటాకేంటని మన పక్కింటి రత్తాలే నవ్వింది. చినుకు పడ్డప్పుడల్లా వాడి మట్టి కొంచెం కొంచెం కారి పెరట్లో కాలవ కట్టేది. అది చూడలేకపోయాను. నాకు తెలిసిన విద్య ఒకటే కదా. గుగ్గిలం నూనెలో కాచి, పడవకి ఎలా పట్టిస్తానో అలా బట్టీ అంతా పట్టించేశాను. నల్లగా నిగనిగలాడింది. వాన నీళ్లు బొట్టుబొట్టుగా జారిపోతుంటే అరుగు మీద కూర్చుని చూసుకుని మురిసిపోయాను. వాడున్నట్టే అనిపించింది.

వాన తెరిపిచ్చిన రోజు లోపల మంట పెట్టాను. పెట్టిన కాసేపటికే ఆ నలుపంతా బొబ్బలెక్కింది. వీధి వీధంతా గుగ్గిలం పొగ. ఇల్లు అంటుకుందనుకుని రత్తాలు బిందెతో పరుగెత్తుకొచ్చింది. అంతలో లోపల ఢామ్మని చప్పుడైంది. చూస్తే గుమ్మటం నోటి దగ్గర నుంచి నడినెత్తి దాకా బీట. రత్తాలు బిందె కింద పెట్టి, ఎందుకు మామా నీకు రాని పని, అంది. వాడి చేతి పనిని నా చేత్తో నేనే పాడుచేసుకున్నానని కుమిలిపోయాను.

మర్నాడు రైలెక్కి తెనాలి వెళ్లాను. వాడికి పని నేర్పిన లాజరుగారు ఇంకా అక్కడే ఉన్నారు. గంగాధరం పోయిన సంగతి ఆయనకి తెలియదు. నేనే చెప్పాల్సి వచ్చింది. పిండి చేతులు అలాగే పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత బీట సంగతి చెప్పాను. గుగ్గిలం పూశానంటే తల పట్టుకున్నారు.

“పడవకి బయటి నీళ్లు లోపలికి రాకూడదండి. బట్టీకి లోపలి నీళ్లు ముందు బయటికి పోవాలి. మీరు పచ్చి మట్టి మీద మూత బిగించేశారు. ముందు దాన్ని ఏడవనివ్వండి. ఆ తర్వాత కప్పండి” అన్నారు.

రొట్టెల పనివాళ్లు అలాగే అంటారట, బట్టీ ఏడవడం అని. రోజూ కాసిని ఊకతో సన్నమంట పెడుతూ ఉంటే మట్టిలో తడంతా బయటికి చెమర్చి, పోనుపోను ఆరిపోతుందట. అది పూర్తయ్యాకే పైన సున్నం పూత వెయ్యాలట. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే అనుకుంటూ వచ్చాను. వాడు పోయినప్పటి నుంచి మన ఇంట్లో ఒకళ్లెదుట ఒకళ్లం ఏడవలేదు ప్రమీలా. నువ్వూ ఏడవలేదు, మేమూ ఏడవలేదు. పెద్దదినం నాడు నిష్ఠూరాలకి మాత్రం నోళ్లు విప్పాం.

ఇంటికొచ్చి ఈ మాట అందరికీ చెప్పాను. మరునాడు ఒక మేస్త్రిగారు పనికి దిగారు. అబ్బో, ఏం మేస్త్రిగారమ్మా! వస్తూనే నా గుగ్గిలం అంతా ఉలితో గోకించారు. నేను గోకుతుంటే సరిగా గోకడం లేదని ఉలి లాక్కున్నారు. పడవల దగ్గర పదిమందిని అదిలించేవాణ్ణి, ఈ వయసులో నేను ఒకరి చేత అన్ని చీవాట్లు తింటాననుకోలేదు. బీటలో మట్టి కూరి, రోజూ ఊక రాజేసి, గుమ్మటం మీద అరచెయ్యి పెట్టి చూసేవారు. ఇంకా చెమ్మ ఉంది, ఇంకా ఉంది అంటూ రోజులు గడిపారు. నేను తొందరపడితే, నీ తొందర చూశాంలే అన్నారు. ఆఖరికి ఒక ఉదయం చెయ్యి పెట్టి, ఏడుపు అయిపోయింది, ఇక సున్నం కలుపు అన్నారు.

గుల్లసున్నంలో ఇసుక కలిపి, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసి రుబ్బాం. పూత వేశాక గులకరాయితో రుద్ది రుద్ది మెరుగు పెట్టారు. ఆరిపోకుండా తడి గుడ్డ కప్పి, అది ఆరితే మళ్లీ తడిపి, పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నారు. ఇప్పుడు కోడిగుడ్డులా తెల్లగా ఉంది. మొన్న రాత్రంతా కురిసిన వానకి ఒక్క చుక్క లోపలికి దిగలేదు.

ఒక్క దగ్గర మాత్రం మేస్త్రిగారికీ నాకూ పెద్ద పేచీ వచ్చింది. బట్టీ నోటికి కుడిపక్కన గంగాధరం అరచెయ్యి అద్దాడు, నీకు గుర్తుందా? మట్టి పచ్చిగా ఉన్నప్పుడు అద్ది, పక్కన నిన్నూ అద్దమన్నాడు. మీ అత్తయ్య చూస్తోందని నువ్వు సిగ్గుపడి లోపలికి వెళ్లిపోయావు. గుగ్గిలం కింద కూడా ఆ అయిదు వేళ్లూ చెరగలేదు, అక్కడ మాత్రం మేస్త్రిగారు ఉలి పెట్టకుండా గోటితో గీకారు. మేస్త్రిగారు అంతా పూసి అక్కడ ఆపేశారు. వదిలేస్తే జల్లు అక్కడే కొడుతుంది, అక్కడి నుంచే చెమ్మ దిగి బట్టీ మొత్తం పాడవుతుంది, పుయ్యి అన్నాను. పుయ్యను అన్నారు. నేను కేకలేశాను. నీకు ధైర్యముంటే నువ్వు పుయ్యి అని తాపీ నా చేతికిచ్చారు. సున్నం తీసుకున్నాను. ఆ బొటనవేలి దాకా వెళ్లి చెయ్యి ఆగిపోయింది. తాపీ కింద పెట్టేసి, అక్కడే కూలబడి ఏడ్చాను. మేస్త్రిగారూ ఏడ్చారు.

తర్వాత పెంకుముక్కలతో ఆ చేతి గుర్తు పైన చిన్న చూరులా కట్టారు. జల్లు ఎంత వాలుగా కొట్టినా కిందికి రాదు. పడవలు కట్టేవాణ్ణి, నాకే తట్టలేదు ఆ ఉపాయం. గునపంతో వెళ్లి నేను ఆగిపోయింది ఆ చూరు దగ్గరే.

కాబట్టి అమ్మాయ్, నేను అడిగేది ఒక్కటే. కూల్చాలో వెలిగించాలో నువ్వు వచ్చి చెప్పు. సన్నమంటలే గానీ దాంట్లో ఇంకా రొట్టె కాల్చలేదు. ఎవరినీ కాల్చనివ్వను. వచ్చి ఇక్కడే ఉండిపొమ్మని అనడం లేదు. నీది చిన్న వయసు. రేపు మీవాళ్లు నీకు ఇంకో సంబంధం చూస్తే నా దీవెన ముందే పంపుతున్నాను, మనస్ఫూర్తిగా. అప్పుడు కూడా ఆ బట్టీ నీదే, ఈ ఇల్లు నీ పుట్టిల్లే.

మీ అత్తయ్య తరఫున నేనేమీ చెప్పను. నీ చెయ్యి పట్టుకున్నాకే నా బిడ్డ సముద్రానికి దూరమయ్యాడు, ఇప్పుడు నాకూ దూరమయ్యాడు అని పెద్దదినం నాడు పదిమందిలో అంది. ఆ మాటకి నువ్వు కట్టుబట్టలతో బాపట్ల బస్సెక్కావు. అది మరిచిపొమ్మని అడిగే ముఖం నాకు లేదు.

వానలు పెద్దవి కాకముందే రాగలిగితే రా. ఆదివారం మీ చర్చి అయ్యాక బయల్దేరితే పొద్దుండగానే వచ్చేస్తావు. బస్టాండు దగ్గర నేనుంటాను. ఏ బస్సని రాయనక్కర్లేదు, అన్ని బస్సులకీ ఉంటాను.

ఎప్పటికీ నీ మంచి కోరే
మామయ్య,
ముత్యాలరావు.

తా.క. ఉత్తరం అంటించబోతూ మళ్లీ విప్పాను. నీకు అబద్ధం రాసి నిన్ను రప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. మేస్త్రి ఎవరూ లేరమ్మా. అదంతా చేసింది మీ అత్తయ్య మస్తానమ్మే. ఆవిడ పుట్టింటివాళ్లు ఆల్చిప్పలు కాల్చి గుల్లసున్నం అమ్మేవాళ్లు, ఆ పని చిన్నప్పుడే చేతికి వచ్చింది. “నా పేరు రాయకు. నేనని తెలిస్తే ఆ పిల్ల రాదు. ఎవరో మేస్త్రి అని రాయి” అని నా చేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు తప్పుతున్నాను.

చూరు కింద వాడి చేతి పక్కన జానెడు చోటు పూత లేకుండా వదిలింది. రోజూ పొద్దున్నే అక్కడ కొత్త మట్టి మెత్తుతుంది. సాయంత్రానికి అది గట్టిపడిపోతే గోకేసి, మళ్లీ తెల్లారి మెత్తుతుంది. ఎన్నాళ్లు ఇలా అని అడిగితే, “కోడలు వచ్చి చెయ్యి అద్దేదాకా” అంది.