రూతు వాయించిన ఈస్టరు పాట

ఏవండీ,

మీరు లేని మొదటి ఈస్టరు ఇది. రాజోలు చర్చిలో మీ డోలక్ ఈసారి మన అమ్మాయి రూతు వాయించింది. తాళ్లు మీరు బిగించినట్టే ఉన్నాయి, నేను ముట్టుకోలేదు.

"పాపకి వినపడదు కదండీ, పాటలో ఎలా కలుస్తుందండీ?" అని పాస్టరు గారు నసిగారు.

"ఆయన నేర్పేరండీ. కలుస్తుంది" అన్నాను.

మీరు చేసినట్టే దాని వీపు మీద వేళ్లతో దరువు వేసి చూపించి, వచ్చి నా చోట కూర్చున్నాను. అది కళ్లు మూసుకుని అందుకుంది. రెండో చరణంలో కరెంటు పోయింది. మైకులు, కీబోర్డు, ఫ్యాన్లు అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. పాడేవాళ్లూ బిత్తరపోయి ఆపేశారు. దానికేం తెలుసు? వాయిస్తూనే ఉంది! వెనక బల్ల మీద నుంచి మీ మేనత్తగారు ఆ దరువు పట్టుకుని పాట ఎత్తుకున్నారు. ఇంక చర్చంతా గొంతు కలిపింది. పాస్టరు గారైతే చప్పట్లు కూడా కొట్టారు.

ఇంటికొచ్చాక కరెంటు పోయిన సంగతి సైగలతో చెప్పాను. అచ్చం మీలాగే కనుబొమ్మలెగరేసి, డోలక్ మీద చెయ్యి వేసి, సైగల్లోనే అడిగింది.

"దీనికి కరెంటెందుకూ?"