చూడని మెషీన్‌కి ఐదు స్టార్లు

కేతకీ,

నాన్నగారికి దుప్పటి తీసుకుని ఆస్పత్రికి వెళ్తున్నాను. జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టాను, తిను. పక్కింటావిడ శిందే కాకూ షుగర్ మెషీన్ అడిగితే ఇవ్వకు. మూడు నెలలు అది నూట ఇరవై చూపిస్తుంటే, కాలి పుండు మానకపోయినా షుగర్ లేదు కదా అని తియ్యటి పూరణ్‌పోళీలు పెట్టాం. ఆస్పత్రిలో చూస్తే ఐదు వందలు. రేపు రెండు కాలివేళ్లు తీసేస్తారట.

ఆన్‌లైన్లో కొన్నది నువ్వేనని ఏడుస్తూ కూర్చోకు. కొనేముందు నాకు చదివి వినిపించావు, "వదినా, ఒకావిడ వాళ్ల మామగారికి వాడిందట, కళ్లు మూసుకుని కొనమంటోంది!" అని. ఆ రివ్యూ రాసింది నేనే. మధ్యాహ్నాలు టైపింగ్ పని అని మీకు చెప్పేది ఇదే. కంటితో చూడని వస్తువులకి పొగడ్తలు రాస్తాను. ఆ రోజు చెప్పడానికి సిగ్గేసింది. మంచిదే అయ్యుంటుందిలే అనుకున్నాను.

మీ అన్నయ్యకి నేనే చెప్తాను.

వదిన

నాన్నగారికి ఇంకా తెలియదు. పొద్దున కూడా నాతో, "వీళ్ల మెషీన్ తప్పు చూపిస్తోంది ఉజ్వలా, ఇంటి నుంచి మనది తీసుకురామ్మా" అన్నారు.