పెంకుల మీది పాలపన్ను

అత్తమ్మా, వందనాలు. నువ్వు పోయి ఏడాది కావస్తోంది. నీ మంచం ఇంకా వాకిట్లోనే ఉంది. కీర్తన దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను... నీ మనవరాలి మొదటి పన్ను ఊడింది! పుట్టుకతోనే కిడ్నీలు పాడైన పిల్లకు పళ్ళు రావడమూ ఆలస్యమే, ఊడడమూ ఆలస్యమే అన్నారు కదా. నువ్వేమో మన ఊరు ఆలూరంతా చెప్పుకుని తిరిగావు, "దాని పన్ను నేనే పెంకుల మీదికి ఇసురుత" అని. అంత తొందరేమొచ్చింది నీకు?

ఆసుపత్రికి తిరిగిన మెహిదీపట్నం బస్సు గుర్తుందా? మందు చేదని పిల్ల ఏడిస్తే కొంగులోంచి బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టేదానివి. మచ్చలు చూసి పళ్ళ డాక్టరమ్మ కోప్పడింది. ఇలాంటి పిల్లల పళ్ళు గట్టివి కావట, పుచ్చి చీము పడితే ప్రాణం మీదికే వస్తుందట. ఇంటికి రాగానే బెల్లం డబ్బా ఉట్టి మీద పెట్టేశావు.

ఆనాటి నుంచి మందు వేసిన ప్రతిసారీ వేలికి తడిగుడ్డ చుట్టి, "ఏదీ, పులి నోరు తెర్వు బిడ్డా" అంటూ తుడిచేదానివి. అది కొరికేది, నువ్వు నవ్వేదానివి. ఆ నవ్వు ఇప్పుడెక్కడ వెతకను...

కిడ్నీ మార్చాలన్నారు అత్తమ్మా. నాది సరిపోయింది, ఇస్తున్నాను. కానీ ముందు నోట్లో పుచ్చు, చీము ఏవీ ఉండకూడదట. మొన్న చూపించడానికి వెళ్తే కీర్తన పెదాలు బిగబట్టింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళ క్యాబ్ డ్యూటీ మానుకొచ్చిన నీ కొడుకు ఎంత బతిమాలినా వినదే! చివరికి నేనే రుమాలు తడిపి, వేలికి చుట్టి, నీ మాటే అన్నాను. పులి నోరు తెరిచింది. ఊగుతున్న పన్ను డాక్టరమ్మ చేతిలోకి వచ్చేసింది. మిగతావి బాగున్నాయి, ఆపరేషన్ చేయించుకోవచ్చు అంది. నాకు ఏడుపు ఆగలేదు.

చేవెళ్ల రోడ్డు పొడుగునా ఇప్పుడు ప్లాట్ల బోర్డులే. మన పెంకులు మాత్రం అట్లాగే ఉన్నాయి. పన్ను పేడలో పెట్టి కీర్తనే విసిరింది. ఒకసారి జారి కిందపడింది, మళ్ళీ విసిరితే నిలిచింది. నాయనమ్మకు కనిపిస్తుందా అని అడిగింది. కనిపించిందా?

బెల్లం డబ్బా ఇంకా ఉట్టి మీదే ఉంది. ఆపరేషనై, తినొచ్చని డాక్టర్లు చెప్పిన రోజున నీ పేరు చెప్పి ఒక్క ముక్క పెడతాను. వెంటనే నోరు కూడా తుడుస్తాను, ఫికర్ చెయ్యకు.

నీ కోడలు,
సుజాత