అంచు మాత్రం తేటగా ఉంది

బావా,

నీ సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి ఆయుధ పూజ ఇది. ఇన్నాళ్లూ మూసి ఉంచిన గాజువాక స్టూడియో తెరిచి నీ పెద్ద కెమెరాకు బొట్టు పెట్టాను. నువ్వు ఆఖరుగా అక్కను తీసిన ఫిలిం చెక్క హోల్డర్‌లోనే ఉండిపోయింది కదా, మధ్యాహ్నం దాన్ని కడిగాను.

మొత్తం నల్లగా వచ్చింది. మన ఉక్కకు డెవలపర్ మందు వేడెక్కిందేమో అనుకున్నాను. ముందు అంచు చూడమనేవాడివి నువ్వు. తప్పు మందుదైతే అంచు కూడా నల్లబడుతుంది. హోల్డర్ గాడిలో దాగిన అంచు తేటగా ఉంటే, లోపల ఉండగానే వెలుతురు తగిలినట్టు. చూశాను. అద్దంలా తేటగా ఉంది.

పొద్దున అక్క అన్న మాట అప్పుడు అర్థమైంది. "దుమ్ము పట్టీసిందిరా. ఆ సెక్క డబ్బాల మూతలు కూడా లాగి, శుబ్బరంగా తుడిసి, మళ్ళీ ఎట్టీసినాను."

అక్క గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నా మొహం చూసి అడిగింది.

"బొమ్మ రానేదేటిరా? మీ బావ కదలొద్దంటే ఊపిరి కూడా బిగబట్టినాను. నాను గాని కదిలిపోనానేటి?"

"నువ్వు కదల్లేదక్కా. మందు పాడైపోయింది."

నువ్వుంటే ఒక్కసారి అంచు చూసి నా అబద్ధం పట్టేసేవాడివి.