ఫొటోల డాక్టరు

బరంపురం,
జూలై 6

నాన్నగారికి, మీ వాసవి నమస్కారాలు.

ఫోనులో చెబుదామంటే మధ్యలో "బేరం వచ్చిందమ్మా" అని పెట్టేస్తారు. అందుకే ఈ ఉత్తరం. మన బట్టల షాపులో ఎవరైనా నా గురించి అడిగితే "ఫొటోల డాక్టరు" అని నవ్వేస్తారు కదా మీరు. ఆ నవ్వు నాకు రెండేళ్లుగా గుచ్చుకుంటూనే ఉంది. స్కానింగు మానేసి, మీరు కోరినట్టు కాన్పుల వైద్యానికి మారదామని కాగితాలు కూడా నింపాను. నిన్న చింపేశాను.

కిడ్నీలు చెడి మా ఆసుపత్రికి డయాలసిస్‌కి వచ్చే ఒక మామ్మ ఉంది. పేరు రాయకూడదు. మూడు నెలల్లో చిక్కి సగమైంది, రవికకి రెండు పక్కలా పిన్నీసులే. దగ్గు లేదు, ఛాతీ ఎక్స్‌రే బాగుంది, చార్టులో ఏనాడూ జ్వరం లేదు. కిడ్నీల నీరసమేనని అందరూ అనుకున్నారు. ఇక డయాలసిస్ ఆపించి ఇంటికి తీసుకుపోతానని కొడుకు తేల్చేశాడు. చివరగా స్కానుకి పంపారు. బల్ల మీద పడుకోబెడుతుంటే మామ్మ చెయ్యి కాలుతోంది.

"జొరముందేటి మామ్మా?" అన్నాను.

"రోజూ వస్తాది తల్లీ. జొరముంటే కిడ్నీల మిషనెక్కించరని ఎవులో సెప్పినారు. అందికే గోలీ ఏసుకొని వస్తన్నాను. ఇయాల మిషను లేదు గదా, ఏసుకోలేదు."

ఆ మాట విన్నాక స్కాను వదలకుండా చూశాను. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. కడుపు లోపల, వెన్నెముక పక్కన గ్రంథులు వాచి ఉన్నాయి. స్కానులో చూసుకుంటూ నేనే సూది పెట్టి ముక్క తీశాను. అది క్షయ అని తేలింది. మందులు మొదలయ్యాయి, కొడుకు డయాలసిస్ ఆపనన్నాడు. నాకు గర్వంగా ఉంది నాన్నా, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

మీ
వాసవి

---

పాత్రపూర్,
అక్టోబరు 3

చిట్టితల్లీ వాసవీ,

ఏం రాయాలో తెలియక మూడు నెలలు జాగు చేశాను. నిన్న పక్క ఊరి కూర్మమ్మ షాపుకి వచ్చింది.

"పాత రవికలు బిగుతైపోనాయి బాబూ, కొత్త గుడ్డ కొయ్యండి. బరంపురంలో సిన్న డాక్టరమ్మ నా కడుపులో దాగున్న జబ్బుని పట్టీసింది" అంది.

నువ్వు రాయని పేరు నాకలా తెలిసింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి నా కత్తెర వంకర పోయింది. గుడ్డ మళ్లీ కోశాను.

"ఆ డాక్టరమ్మ ఎవులమ్మాయో తెలుసా?" అని అడిగాను. తెలీదంది. షాపునిండా జనం ఉన్నారు.

"ఫొటోల డాక్టరు. నా కూతురు" అన్నాను. ఈసారి నవ్వలేదమ్మా.

మీ నాన్న
ఆదినారాయణ