తడికకు అవతల పాఠం

విశాఖపట్నం,
14-9-1979, శుక్రవారం.

బావ శ్రీరామ్మూర్తికి గురునాథరావు నమస్కారాలు. చెల్లాయికి, పిల్లలకు ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ క్షేమం, నా కడుపుమంట తప్ప. ముసురు పట్టి గొడుగు నా చెయ్యి దిగడం లేదు.

విషయమేమిటంటే, జూన్‌లో మా స్కూలుకు గంగాభవాని అని ఒక సోషల్ టీచరు వచ్చింది. మొన్నమొన్ననే ట్రైనింగయిన పిల్ల. నాది ఎనిమిదో తరగతి ఎ సెక్షన్, ఆమెది బి. రెండు గదుల మధ్యా వెదురు తడికే అడ్డం. మూడో పీరియడ్‌లో ఇద్దరం ఒకే పాఠం చెబుతాం. అవతల నవ్వులు మొదలైతే నా పిల్లల చెవులన్నీ అటే తిరుగుతాయి. ఆమెను అందరూ అక్కా అంటారు. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను మేస్టారూ అని తప్ప ఇంకో మాటతో పిలిచినవాళ్ళు లేరు. పిలవనిచ్చానా?

నిన్న ఆటుపోట్ల పాఠం. నేను శుభ్రంగా నోట్సు చెప్పాను. అసిరమ్మ అనే పిల్ల చంద్రుణ్ణి సందురుడంటే, నోరు తిరిగేదాకా అనిపించాను. ఆ తర్వాత క్లాసులో ఎవరూ నోరు విప్పలేదు.

అవతల ఆ మహాతల్లి ఏం చేసిందనుకున్నావు? పిల్లలందరి చేతులూ కలిపించి వాళ్ళనే సముద్రం చేసింది. పైటచెంగు నడుముకు దోపుకుని, గడ్డానికి సుద్ద అంటించుకుని, తనే చంద్రుడై చుట్టూ తిరిగింది. తను దగ్గరకొస్తే సముద్రం పొంగాలట, దూరమైతే తగ్గాలట. గంట కొట్టబోయేముందు ప్రశ్న వేసింది. అదీ నేను దిద్దిన మాటతోనే.

"అమాసనాడు సందురుడు అగుపడడు కదర్రా. మరా రోజు పోటు ఎక్కువెందుకొస్తాదేటి?"

సోమవారం దాకా ఆలోచించమని, అప్పుడు చెబుతానని వెళ్ళిపోయింది. పిల్లలు వరండాలో కూడా దాని గురించే వాదించుకున్నారు. ఈరోజు నా సెక్షన్‌లో సగంమంది హెడ్మాస్టరు దగ్గరికెళ్ళి బి సెక్షన్‌కు మార్చమని అడిగారు. అందరికంటే ముందు అసిరమ్మే నిలబడింది. ఆయన ఆలోచిస్తానన్నాడట. బావా, నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ గంగాభవానిని చూస్తే ఒళ్ళు మండుతోంది.

పైగా తడికకు ఎవరో కన్నం పొడిచారు. వెనక బెంచీ వాళ్ళందరినీ నిలబెట్టి అడిగినా ఒక్కడూ ఒప్పుకోలేదు.

ఎలమంచిలిలో నువ్వు హెడ్మాస్టరువి. మీ దగ్గర సోషల్ పోస్టు ఖాళీగా ఉందని రాశావు. పై ఆఫీసులో నీ మాట చెల్లుతుంది. గంగాభవానిని మీ స్కూలుకు వేయించుకో. నీకు మంచి టీచరు దొరుకుతుంది, నాకు మనశ్శాంతి దొరుకుతుంది. ఈ ఒక్క పనీ చేసిపెట్టు.

ఇట్లు,
గురునాథరావు

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. ఆ కన్నం పొడిచింది నా గొడుగు మొనే. పిల్లలను నోట్సు రాసుకోమని, పీరియడంతా తడిక పక్కనే కుర్చీ వేసుకుంటున్నాను. బదిలీ మాట సోమవారం దాకా ఎక్కడా కదపకు. అమావాస్యనాడు పోటు ఎందుకెక్కువో నాకు తెలుసు. అది ఆమె ఎలా చెబుతుందో తెలియదు.