ఫారంలో ఏడో ప్రశ్న

నవంబర్ 12
అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో నా జాగ్రఫీ క్లాసు. పగడపు దిబ్బలు మూడు రకాలు — పదకొండేళ్లుగా చెబుతున్న పాఠం. ఇవాళ ముందు బెంచీ అమ్మాయి అడిగింది: "మేడం, మీరు చూసిన్రా?" లేదన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

నవంబర్ 13
పొద్దున్నే మా ఆయన శ్రీనివాస్‌తో అన్నాను — అండమాన్ పోదాం, సముద్రం లోపలికి దిగుదాం. "ఏందే, పిచ్చి లేసిందా?" సాయంత్రానికి తనే టికెట్లు వెతుకుతున్నాడు.

డిసెంబర్ 2
అండమాన్లో సముద్రంలోకి దింపే స్కూబా వాళ్ల ఫారం వచ్చింది. ఏడో ప్రశ్న — ఉబ్బసం ఉందా? నా పెన్ను ఆగిపోయింది. శ్రీనివాస్ లాక్కుని 'లేదు' దగ్గర టిక్కు పెట్టేశాడు. "మూడేండ్లాయె గదా నీకు రాక. జర ఊకో."

డిసెంబర్ 19
అండమాన్, హావ్‌లాక్ దీవి. ఛాతీ లోతు నీళ్లలో నేర్పారు. నోటితో పీల్చు, ఊపిరి బిగపట్టకు... నాకు బాగానే వచ్చింది. తర్వాత పడవలో దిబ్బ దగ్గరికి. రెండంతస్తుల మేడంత లోతే, కొత్తవాళ్లకి సరిపోయేది. నేర్పే అమ్మాయి జానకి — శ్రీకాకుళం వాళ్లు, తను ఇక్కడే పుట్టిందట. సిలిండర్ తగిలించబోతూ అడిగింది: "అక్కా, ఎప్పుడైనా ఆయాసం వచ్చిందా? నిజం చెప్పండి."
వచ్చింది, అన్నాను.
నా నడుముకి కట్టిన బరువుల బెల్టు విప్పేసింది. "డాక్టర్ కాగితం లేకుండా దింపలేనక్కా."
శ్రీనివాస్ నా వైపు చూశాడు. "చెప్పకుంటే అయిపోతుండె గదా!" పడవ అంచు మీంచి వెనక్కి వాలి, జానకితోపాటు నీళ్లలోకి దిగిపోయాడు.
ఇరవై నిమిషాలు. పైకి ఆయన బుడగలు. అవి ఎటు పోతే అటు తిరిగి కూర్చున్నాను.

డిసెంబర్ 20
మాట్లాడుతూనే ఉన్నాడు. చారల చేపలట. ఊదారంగు కొమ్మలట... అట... అట...

డిసెంబర్ 28
చిక్కడపల్లి, మా ఇల్లు. ఆడపడుచు వచ్చింది. ఫోన్లో ఆయన వీడియో చూస్తూ "వదినా, నువ్వు దిగలేదా?" నేను నోరు తెరిచేలోపే శ్రీనివాస్ — "దానికి భయమైంది." భయం కాదు... గొంతు దాకా వచ్చింది. అప్పటికే ఇద్దరూ వీడియోలో తాబేలును చూస్తున్నారు.

జనవరి 3
క్లాసులో పడమటి కనుమలు. చెప్పిన వాక్యమే మళ్లీ చెప్పానట.

జనవరి 9
నారాయణగూడలో ఊపిరితిత్తుల డాక్టర్. గొట్టంలోకి ఊదించాడు. "ఊదమ్మా... ఇంకా... ఇంకా..." కళ్లు తిరిగాయి. బాగానే ఉందట. పరుగెత్తించి ఇంకో పరీక్ష చేయాలట, అదీ బాగుంటే సముద్రంలో దిగొచ్చని కాగితం రాసిస్తాడట.
"అండమాన్‌కి ఎవరితోని పోతున్నరమ్మా?"
ఒక్కదాన్నే, అన్నాను. అనేదాకా నాకూ తెలియదు.
ఇంటికొచ్చేసరికి శ్రీనివాస్ గుమ్మంలో ఉన్నాడు. "ఏడికి పోయినవ్?"
లైబ్రరీకి, అన్నాను.